ట్రౌట్ గాలానికి ఖరీదైన రీలు అవసరమా?

కాశ్మీరులోని లిద్దర్, హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ వంటి చల్లని నదుల్లో ట్రౌట్ చేపలను కృత్రిమ ఈగతో పడతారు. ఈకలతో, దారంతో చేసిన ఈ ఈగకు బరువు దాదాపు ఉండదు. మరి అది అంత దూరం ఎలా వెళ్తుంది? లావుపాటి గాలపు తాడు బరువే దాన్ని మోసుకుపోతుంది. ట్రౌట్‌కు తరచుగా వాడే 5వ నంబరు తాడులో మొదటి 9 మీటర్లు సుమారు 9 గ్రాములు తూగుతాయి. కాబట్టి మీ డబ్బు ముందు మంచి తాడుకు కేటాయించండి.

రీలు ముఖ్యమైన పని తాడును చుట్టి ఉంచడమే. అయితే పెద్ద చేప పరుగు తీసినప్పుడు అది తాడును ఒకే బిగువుతో వదలాలి. అందుకని లోపలి ఇరుసు లావుగా ఉన్న రీలును ఎంచుకోండి. చుట్టు వ్యాసం 5 సెం.మీ. అయితే ఒక తిప్పుకు దాదాపు 16 సెం.మీ. తాడు వస్తుంది, 8 సెం.మీ. అయితే 25 సెం.మీ. వస్తుంది. ఇరుసు సన్నగా ఉంటే తాడు తరిగేకొద్దీ చుట్టు బాగా చిన్నదవుతుంది. బ్రేకు మార్చకపోయినా తాడు మీద బిగువు పెరుగుతుంది. కొసనున్న సన్నని దారం తెగి, చేప నోట్లో గాలంతోనే పారిపోతుంది.

కొనేముందు బ్రేకు కొద్దిగా బిగించి, రీలును చేత్తో మెల్లగా తిప్పి చూడండి. కుదుపు లేకుండా కదలాలి, చక్రం అటూ ఇటూ ఊగకూడదు. ఈ పరీక్షలో నెగ్గితే పోత అల్యూమినియంతో చేసిన చౌక రీలైనా ట్రౌట్‌కు చాలు.