మూత్రపిండ దాతకు వైద్య పరీక్షలు: ఎందుకు, ఎలా?

రెండు మూత్రపిండాలూ పూర్తిగా దెబ్బతిన్న రోగికి ఉన్న మార్గాలు రెండే. జీవితాంతం డయాలసిస్ చేయించుకోవడం ఒకటి, మూత్రపిండ మార్పిడి రెండవది. మన దేశంలో జరుగుతున్న మార్పిడుల్లో అత్యధిక భాగం జీవించి ఉన్న దాతల నుంచి, అంటే కుటుంబ సభ్యుల నుంచి స్వీకరించిన మూత్రపిండాలతో జరుగుతున్నవే. ఈ దాతల్లో మహిళల సంఖ్య పురుషుల కంటే చాలా ఎక్కువ. తల్లో, భార్యో, తోబుట్టువో ముందుకు వస్తారు. "రక్తం సరిపోయింది, మూత్రపిండం ఇచ్చింది" అని వార్తల్లో ఒక్క వాక్యంలో ముగిసే ఈ వ్యవహారం వెనుక వారాల తరబడి సాగే వైద్య పరీక్షలు ఉంటాయి. రక్తం గ్రూపు సరిపోవడం వాటిలో మొదటి మెట్టు మాత్రమే.

ఈ పరీక్షల్లో కొన్ని రోగి కోసం నిర్వహించేవి, అత్యధికం దాత రక్షణ కోసం ఉద్దేశించినవి. శస్త్రచికిత్స వల్ల తన శరీరానికి ఏ ప్రయోజనమూ లేని ఆరోగ్యవంతులకు కత్తి పెట్టడం వైద్యశాస్త్రంలో అరుదైన సందర్భం. కనుక అందులోని ప్రమాదాన్ని ముందుగా లెక్కగట్టడం వైద్యుల బాధ్యత. అమెరికాలో 80 వేల మందికి పైగా దాతలను పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో శస్త్రచికిత్స అనంతరం 90 రోజుల్లోగా మరణించిన వారు 10 వేల మందికి సుమారు ముగ్గురు. దాతలకు జీవితకాలంలో మూత్రపిండ వైఫల్యం కలిగే అవకాశాన్ని ఆ దేశంలోనే 2014లో ప్రచురితమైన మరో అధ్యయనం 10 వేల మందికి 90గా అంచనా వేసింది. దానం చేయని, అంతే ఆరోగ్యవంతులైన వారిలో అది 14. ఎటువంటి పరీక్షలూ లేకుండా లెక్కించిన సామాన్య ప్రజానీకంలో 326. దానం వల్ల ముప్పు కొంత పెరిగే మాట నిజమే అయినా, పరీక్షల ద్వారా జాగ్రత్తగా ఎంపిక చేస్తే ఆ ముప్పు స్వల్పంగానే ఉంటుందని ఈ అంకెలు తెలుపుతున్నాయి. అందువల్లనే పరీక్షల్లో తొందర పనికిరాదు.

తొలిదశలో రక్తం గ్రూపు, కణజాల పోలికను తెలిపే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష, దాత కణాలపై రోగి రక్తం దాడి చేస్తుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్ నిర్వహిస్తారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, గుండె ఎకో పరీక్ష, పొట్ట అల్ట్రాసౌండ్ కూడా తప్పనిసరి. వయసును బట్టి మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు జరుపుతారు. పరగడుపున, భోజనానంతరం చక్కెర స్థాయిని, గత మూడు నెలల సగటును పరిశీలిస్తారు. రక్తపోటును ఒక్కసారి కాక పలుమార్లు చూస్తారు. సందేహం ఉంటే 24 గంటల పాటు చేతికి యంత్రం అమర్చి నమోదు చేస్తారు. తమకు రక్తపోటు గాని, మధుమేహం గాని ఉన్నట్లు ఈ పరీక్షల్లోనే తొలిసారిగా తెలుసుకునే వారు ఉంటారు. అటువంటి వారికి దానం నిరాకరించినప్పటికీ, సకాలంలో చికిత్స ప్రారంభించే అవకాశం దక్కుతుంది.

మూత్రపిండాల పనితీరును నిర్ధారించడమే ఈ ప్రక్రియలో కీలకాంశం. రక్తంలో క్రియాటినిన్ సాధారణంగా ఉన్నంత మాత్రాన మూత్రపిండాలు బాగున్నాయని చెప్పలేము. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. బక్కపలచని మహిళలో కండరాల పరిమాణం తక్కువ కనుక, మూత్రపిండాల పనితీరు కొంత తగ్గినప్పటికీ ఆ అంకె సాధారణంగానే కనిపించవచ్చు. దాతల్లో అధికులు మహిళలే అయిన మన దేశంలో ఈ విషయం గుర్తుంచుకోదగినది. అందుకే స్వల్ప మోతాదులో రేడియోధార్మిక పదార్థాన్ని నరం ద్వారా ఎక్కించి, ఒక్కో మూత్రపిండం ఎంత పనిచేస్తున్నదో కొలిచే డీటీపీఏ పరీక్షను నిర్వహిస్తారు. 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం వడపోత సామర్థ్యం నిమిషానికి 90 మిల్లీలీటర్లు, ఆపైన ఉంటే దానానికి ఆమోదయోగ్యం. 60కి లోపు ఉంటే అనర్హత. మధ్యస్థంగా ఉన్నవారి విషయంలో వయసు, ఇతర ఆరోగ్య పరిస్థితులను బట్టి నిర్ణయిస్తారు.

మూత్రంలో ప్రోటీను పోతున్నదేమో తెలుసుకునేందుకు 24 గంటల మూత్రాన్ని సేకరించవలసి ఉంటుంది. చూడటానికి చిన్న పనే అయినా పొరపాట్లు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఉదయం లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పారబోసి, సమయం రాసుకోవాలి. అప్పటి నుంచి మరునాడు అదే సమయం వరకు ప్రతిసారీ డబ్బాలోనే పట్టాలి. చివరిగా మరునాటి ఉదయపు మూత్రాన్ని కూడా కలపాలి. ఒక్కసారి మరచినా ఫలితం తారుమారవుతుంది.

కుటుంబ చరిత్ర మరో ముఖ్యాంశం. రోగికి వంశపారంపర్యంగా వచ్చే నీటితిత్తుల మూత్రపిండ వ్యాధి ఉంటే తోబుట్టువులకు, సంతానానికి కూడా అది సంక్రమించి ఉండవచ్చు. యువ దాతల్లో అల్ట్రాసౌండ్‌లో తిత్తులు కనిపించకపోయినా జన్యు పరీక్ష అవసరం కావచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాల పరిస్థితి ఇంకొక తీరు. ఇక్కడ ప్రబలిన దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణం ఇదీ అని నేటికీ నిర్ధారణ కాలేదు. రోగితో పాటు అదే ఊరిలో నివసిస్తూ, అదే నీరు తాగుతూ, అవే తోటల్లో పనిచేసిన దాతకు ఆ ముప్పు లేదని ముందుగానే భావించడానికి వీలులేదు. ఇటువంటి దాతలకు పరీక్షలు మరింత నిశితంగా జరగాలి.

చివరి దశలో సీటీ యాంజియోగ్రామ్ ద్వారా రక్తనాళాల అమరికను, రాళ్లు, గడ్డలు ఉన్నాయేమోనన్న విషయాన్ని పరిశీలిస్తారు. సిర పొడవుగా ఉంటుంది కనుక శస్త్రవైద్యులు సాధారణంగా ఎడమ మూత్రపిండాన్ని ఎంచుకుంటారు. అయితే రెండింటి పనితీరులో చెప్పుకోదగిన తేడా ఉంటే మెరుగైనదానిని దాతకే విడిచిపెట్టడం నియమం.

గర్భధారణ ఆలోచన ఉన్న యువతులకు ముందే తెలియజేయవలసిన విషయం ఒకటి ఉంది. కెనడాలోని అంటారియో రాష్ట్రంలో జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, దానం చేసిన మహిళల గర్భాల్లో 11 శాతం వాటిలో రక్తపోటు సంబంధ సమస్యలు తలెత్తగా, దానం చేయని వారిలో అది 5 శాతం మాత్రమే. తల్లీబిడ్డలు చాలావరకు క్షేమంగానే ఉన్నారు. అయినప్పటికీ ఈ వివరం తెలిసిన తర్వాత ఇచ్చే అంగీకారమే అంగీకారం.

మానసిక నిపుణులు దాతతో విడిగా మాట్లాడటం కూడా ఈ పరీక్షల్లో అంతర్భాగమే. ఇంటిల్లిపాదీ ఎదుట కాదనలేని కోడలు ఆ గదిలో కాదనగలగాలి. శస్త్రచికిత్సకు ముందు ఏ క్షణంలోనైనా వెనుదిరిగే హక్కు దాతకు ఉన్నది. అటువంటప్పుడు వైద్యులు కారణాన్ని గోప్యంగా ఉంచి, దానానికి తగిన దాత కాదని మాత్రమే కుటుంబానికి తెలియజేయడం మంచి సంప్రదాయం. తిరస్కరణకు గురైన దాతల గురించి రాసే పాత్రికేయులు ఈ గోప్యతను గౌరవించడం సముచితం.

చట్టం విషయానికి వస్తే, 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టానికి 2011లో జరిగిన సవరణ దగ్గరి బంధువుల జాబితాలో తాత, అవ్వ, మనవలు, మనవరాళ్లను చేర్చింది. రక్తం గ్రూపు కుదరని రెండు కుటుంబాలు దాతలను పరస్పరం మార్చుకునే వీలు కల్పించింది. అవయవ వ్యాపారానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా విధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకున్నది. తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో కేంద్ర చట్టాన్ని ఈ సవరణతో సహా స్వీకరిస్తూ తీర్మానం ఆమోదించింది. దాత వయసు 18 ఏళ్లు నిండి ఉండాలి. దగ్గరి బంధువు కాని దాత అయితే అనుమతి సంఘం ఆమోదం తప్పనిసరి. 2014 నిబంధనల ప్రకారం అటువంటి సందర్భాల్లో దాత గాని, రోగి గాని మార్పిడి జరిగే రాష్ట్రానికి చెందనివారైతే నివాస ధ్రువీకరణ పత్రాన్ని తహసీల్దారు లేదా అందుకు అధికారమున్న అధికారి జారీ చేయాలి. వారాల కొద్దీ పరీక్షలు పూర్తిచేసుకున్న దాత ఫైలు ఒక సంతకం కోసం నిలిచిపోతే, కాలదోషం పట్టిన పరీక్షలను మళ్లీ చేయించవలసి రావచ్చు. డయాలసిస్‌పై ఉన్న రోగికి ఆ జాప్యం చిన్నది కాదు. అట్లని సంబంధ బాంధవ్యాలను విచారించకుండా సంతకం చేయడం అంతకన్నా ప్రమాదకరం.

దానం తర్వాత మిగిలిన మూత్రపిండం క్రమంగా పని పెంచుకుని, మునుపటి మొత్తం సామర్థ్యంలో సుమారు 60 నుంచి 70 శాతం వరకు అందిస్తుంది. దాత ఏటా రక్తపోటు, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు చేయించుకోవాలి. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడరాదు. ఈ వార్షిక పరీక్షలకు మార్పిడి జరిగిన ఆసుపత్రికే వెళ్లనవసరం లేదు. దాత తన పాత పరీక్షల నివేదికలు వెంట తీసుకువెళ్తే సమీప ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు తేడాను గుర్తించగలుగుతారు.