'నేను అందరిలా లేనా?'.. చిన్న ఊరి టీనేజర్ ప్రశ్నకు ఈ నవలల్లో జవాబుందా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో పొద్దున ఎవరితో కనిపించినా సాయంత్రానికి కబురు ఇంటికి చేరిపోతుంది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా అంతే. అలాంటి ఊళ్లో ఇంటర్ చదివే అమ్మాయికి తోటి అమ్మాయిపైనో, అబ్బాయికి తోటి అబ్బాయిపైనో మనసు పడితే? ఇంట్లో అడగలేరు. ఫ్రెండ్స్‌కి చెబితే ఎగతాళి చేస్తారేమోనన్న భయం. ఈ ప్రశ్న చుట్టూనే ఇప్పుడు టీనేజ్ నవలలు వస్తున్నాయి.

కథ చెప్పేది క్లాస్‌మేట్లే!

హిమాంజలి శంకర్ ఇంగ్లిష్‌లో రాసిన 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్' 2014లో వచ్చింది. ముస్కాన్ అనే స్కూల్ అమ్మాయి ఆత్మహత్యాయత్నం చేస్తుంది. ఎందుకన్నది ఆమె చెప్పదు, ముగ్గురు క్లాస్‌మేట్లు చెబుతారు. అందుకే చదివే పిల్లలకు తమ క్లాసులో తామేసే జోకులు గుర్తొస్తాయి. పక్కవాడికి జోక్ అయింది ఇంకొకరి ప్రాణం మీదకు ఎలా వస్తుందో అర్థమవుతుంది.

పుస్తకం కోసం కోర్టుకెళ్లారు

ఇలాంటి పుస్తకాలు పిల్లల్ని చెడగొడతాయన్న భయం అన్నిచోట్లా ఉన్నదే. ఇద్దరమ్మాయిల ప్రేమకథ 'యానీ ఆన్ మై మైండ్' 1982లో అమెరికాలో వచ్చింది. కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథా ఊళ్లో అధికారులు దాన్ని స్కూల్ లైబ్రరీల నుంచి తీసేశారు. విద్యార్థులు, తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. తిరిగి పెట్టాల్సిందేనని 1995లో తీర్పొచ్చింది.

మరి మన దగ్గర చట్టం ఏమంటోంది?

పెద్దలు ఇష్టపూర్వకంగా కలిసి ఉంటే, వాళ్లు ఒకే జెండర్ వాళ్లయినా నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. స్వలింగ వివాహాలకు మాత్రం 2023 అక్టోబర్‌లో చట్టబద్ధత ఇవ్వలేదు. స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తీసేసింది. 'మార్చేస్తాం' అంటూ చేసే కన్వర్షన్ థెరపీ డాక్టర్లకు తగని పని అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. అంటే పిల్లల్ని 'బాగు చేయిస్తామని' తిప్పాల్సిన పనిలేదు.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

పిల్లలు నోరు తెరిస్తే ముందు వినాలి. నలుగురూ ఏమనుకుంటారో అన్న మాట తర్వాత చూసుకోవచ్చు. ఈ వయసులో 'నేనెవరు' అన్నది వెంటనే తేలిపోవాలని లేదు. కొందరికి టైం పడుతుంది, తొందరపెట్టకూడదు. బిడ్డ మరీ కుంగిపోతుంటే టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

ఇళ్లల్లో గుట్టుగా దాచిన సంగతిని నలుగురి ముందు మాట్లాడించడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్మేసే పెళ్లిళ్ల గురించి గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలోనే తొలిసారి నాటకంగా ఆడింది. కథల కోసమే కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' పెట్టారు. ఇక్కడి పిల్లల ఈ ప్రశ్న కూడా తెలుగులో, వాళ్ల యాసలో నవలగా వస్తే, 'నేనొక్కదాన్నే కాదన్నమాట' అని ఎవరో ఒకరు ఊపిరి పీల్చుకుంటారు.