పెన్నేరుగడ్డ — మతిమఱపు చిట్టెలుక

బుక్కపట్నపు చెఱువు క్రింద వరి పండును. చెఱువు నీరందని మెట్టచేలు మాత్రము వానదేవుని దయపై ఆధారపడి యుండును. అట్టి రాయలసీమ మెట్టనేలలు చక్కగా ఎఱిగిన మొక్క అశ్వగంధ. తెలుగున దీనినే పెన్నేరుగడ్డ యందురు. బలమునకును నిద్రకును దీని వేరును పొడిచేసి పాలతో నిచ్చుట దేశీయ వైద్యుల వాడుక. ఆ వేరే 2012లో కొన్ని చిట్టెలుకల మూలమున శాస్త్రలోకమున చర్చకు వచ్చినది.

చిట్టెలుకతో పనియేమి? మన దేశమున అఱువది యేండ్లు దాటిన వారిలో సుమారు 88 లక్షల మంది మతిభ్రంశముతో బాధపడుచున్నారని 2023లో వెలువడిన అంచనా. వీరిలో పెక్కుమందిది అల్జీమర్స్ రోగము. కన్నబిడ్డ యెదుట నిలిచి "నీవెవరవు నాయనా?" యని తల్లి అడుగు దుఃస్థితి అది. రోగి జీవించియుండగా మెదడును కోసి చూడ వీలులేదు గదా! చిట్టెలుకకైనను ఈ వ్యాధి సహజముగా రాదు. మెదడులో పేరుకొని గడ్డకట్టు అమిలాయిడ్ అను పదార్థము ఎలుకలోను ఉన్నది. కాని దాని కూర్పులో మూడు చోట్ల భేదముండుటచే అది సులభముగా గడ్డకట్టదు. అందుచే, వంశపారంపర్యముగా ఈ రోగము వచ్చు కుటుంబములలో కనుగొనిన దోషపు జన్యువులను శాస్త్రజ్ఞులు ఎలుక పిండములో చేర్చిరి. 1995 నాటికి అట్టి ఎలుక సిద్ధమైనది. కొన్ని నెలలకే దాని మెదడులో గడ్డలు కట్టును. నేర్చిన దారి మఱచును.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారి బృందము ఇట్టి ఎలుకలకే పెన్నేరు వేరు సారమును త్రాగించినది. ఏడు దినములకు మెదడులో అమిలాయిడ్ తగ్గినది, రక్తములో పెరిగినది! అనగా మెదడులోని కల్మషము వెలికి వచ్చుచున్నదన్న మాట. ఎలుకలు దారిని మరల గుర్తించినవి. మందు పనిచేసిన చోటు మెదడే యని ఎవరైనను ఊహింతురు. కాని కాలేయమున అమిలాయిడ్‌ను పట్టుకొను ఒకానొక మాంసకృత్తిని తగ్గించి చూడగా, మందు గుణమంతయు మాయమైనది. మెదడు రోగమునకు మార్గము కాలేయమున దొరకుట ఈ పరిశోధనలో మిక్కిలి రసవత్తరమైన భాగము.

అంతమాత్రమున ముసలివారికి చూర్ణము పోయవచ్చునా? కూడదు. ఈ వేరు వాడిన కొందఱికి కాలేయమే చెడినట్లు వైద్యులు వ్రాసియున్నారు. పైగా ఈ ఎలుక రోగికి పూర్తి ప్రతిబింబము కాదు: గడ్డలు కట్టును గాని, మనుష్యుని మెదడులో వలె నాడీకణములు విస్తారముగా చావవు. ఎలుకలను బాగుచేసిన మందులు ఎన్నియో మనుష్యులలో విఫలమైనవి. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకనెమాబ్ సయితము రోగగతిని కొంత మందగింపజేయునే కాని, ఆపజాలదు.

కనుకనే మనుష్యులనే పరిశీలించు పనియు జరుగుచున్నది. సరిహద్దునకు ఆవల, తెలుగు మాటలాడువారు పెక్కుమంది గల కోలారు జిల్లా శ్రీనివాసపురము పల్లెలలో, నలువదియైదేండ్లు దాటిన పదివేల మందిని పరిశీలింప బెంగుళూరు మెదడు పరిశోధన కేంద్రము సంకల్పించినది. వారి రక్తమును, మెదడు చిత్రములను, జ్ఞాపకశక్తిని ఏండ్ల తరబడి మరల మరల పరీక్షించుచుందురు.