కల్పిత యంత్రములో కాలము

ఇద్దరు వర్తకులు దాదాపు ఒకే క్షణమున వాటాలు కొనగోరినచో ఎవరు ముందు? 2018 నుండి ఐరోపా సమాఖ్యలో అతివేగ వాటా వ్యాపారుల గడియారములు ప్రామాణిక కాలమునుండి 100 మైక్రోసెకనులకు మించి తేడా పడరాదు.

కంప్యూటరు గడియారమునకు ఆధారము క్వార్ట్జ్ స్ఫటిక కంపనము. అది పదిలక్షలకు 20 వంతులు తప్పినను రోజుకు 1.7 సెకనుల తేడా వచ్చును. 1985లో డేవిడ్ మిల్స్ వెలువరించిన ఎన్.టి.పి. పద్ధతిలో కంప్యూటరు మరియొక గడియారమును ప్రశ్నించి, సందేశపు పోకకు, రాకకు సమానకాలము పట్టినదని ఎంచి, తన తప్పును దిద్దుకొనును.

ఒకే యంత్రముపై నడచు పెక్కు వర్చువల్ మెషీనులకు, అనగా కల్పిత యంత్రములకు, ప్రాసెసరు వంతులవారీగా లభించును. వంతు రాకమునుపే చేరిన జవాబు గుమ్మమువద్ద పడియున్న ఉత్తరము వంటిది. అది 200 మైక్రోసెకనులు వేచినచో, అందు సగము, అనగా 100 మైక్రోసెకనులు, ఆ కొలతలో తప్పుగా చేరును. అందుచే ఇతరులకు కాలము చెప్పు కంప్యూటరును ప్రత్యేక యంత్రముగా నుంచుటయే మేలు.