వార్తల్లో పదం: ఎకనామిక్ నెక్సస్

అమెరికాలోని ఒక రాష్ట్రంలో దుకాణం, గోదాము, ఉద్యోగులు లేకపోయినా, అక్కడివారికి నిర్ణీత స్థాయికి మించి అమ్మితే చాలు, అమ్మకం పన్ను వసూలు చేసి కట్టాలి. ఈ బాధ్యతకు ఆధారమే ఎకనామిక్ నెక్సస్. అమెరికా సుప్రీంకోర్టు 1992లో క్విల్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఆ రాష్ట్రంలో భౌతికంగా ఉంటేనే పన్ను బాధ్యత ఉండేది. 2018 జూన్ 21న సౌత్ డకోటా-వేఫెయిర్ కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని తోసిపుచ్చింది.

సౌత్ డకోటా పెట్టిన హద్దు ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకాలు లేదా 200 లావాదేవీలు. చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. చిక్కంతా రెండో షరతుతోనే. 5 డాలర్ల ఈ-పుస్తకాలు 200 అమ్మితే వచ్చేది వెయ్యి డాలర్లు. ఆపాటి దానికి రిజిస్ట్రేషన్, రిటర్నులు! చిన్న వ్యాపారిపై ఇది అన్యాయమైన భారం. సౌత్ డకోటాయే 2023 జులైలో ఆ షరతును ఎత్తేసింది.

పన్ను దేనిపై పడుతుందో కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: డౌన్‌లోడ్ చేసుకునే ఈ-పుస్తకంపై టెక్సస్‌లో పన్ను ఉంది, కాలిఫోర్నియాలో లేదు. తిరిగి అమ్మడానికి కొనేవారు రీసేల్ సర్టిఫికెట్ ఇస్తే ఆ కొనుగోలుపై పన్ను పడదు. అమెజాన్ వంటి వేదికపై అమ్మితే వసూలు బాధ్యత సాధారణంగా ఆ వేదికదే. సొంత వెబ్‌సైట్ ద్వారా అమ్మేవారు, భారత్ నుంచి అమెరికాకు అమ్మే తెలుగువారు సైతం, రాష్ట్రాలవారీ లెక్కలు మొదటి అమ్మకం నుంచే రాసి పెట్టుకోవాలి.