అరకు కొండలలో వంటచెరకు: చీలిక, ఆరుదల, మంట

1. ప్రవేశిక

‘వంటచెరకు’ అనే సమాసంలోని ‘చెరకు’కు తీపితో సంబంధం లేదు. ఆ సమాసానికి అర్థం వంటకట్టె మాత్రమే. సంస్కృతం నుంచి వచ్చిన ‘ఇంధనం’ మండించడమనే అర్థం గల ధాతువునుండి పుట్టింది. ‘కట్టె’ పరిధి వీటన్నింటికంటె విస్తృతం. అది పొయ్యి దగ్గర మొదలై కాటి దాకా వెళ్తుంది. ప్రాణం పోయిన దేహమూ కట్టే. ఇంత అర్థవిస్తృతి గల పదం వెనుక ఉన్న గృహపరిజ్ఞానం మాత్రం తెలుగు పరిశోధనలో తగినంతగా చర్చకు రాలేదు. 1962లో వ్యవసాయ పదాల సంపుటితో ఆరంభమైన మాండలిక వృత్తి పదకోశం పదసేకరణకు వృత్తిని ప్రాతిపదికగా తీసుకొంది. కట్టెలు ఏరడం, చీల్చడం, ఎండబెట్టడం వృత్తి కాదు, ఇంటిపని. అందులోనూ అధికభాగం స్త్రీల పని. కనుక ఆ వర్గీకరణలో అది సులభంగా ఇమడదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ ఈ పరిశీలనకు అనువైన క్షేత్రం. ఇక్కడ పొయ్యి వంటకు మాత్రమే పరిమితం కాదు. శీతకాలంలో ఇల్లు వెచ్చబడేదీ, వానకాలంలో విత్తనం చెమ్మగిల్లకుండా ఉండేదీ దానివల్లనే.

2. బరువు, తడి, మంట

గట్టికట్టెలో వేడి ఎక్కువ, తేలికకట్టెలో తక్కువ అనే అభిప్రాయం సాధారణంగా వినిపిస్తుంది. ఇది సగమే నిజం. పూర్తిగా ఎండినప్పుడు ఏ జాతి కట్టె అయినా కిలోకు ఇంచుమించు ఒకే వేడినిస్తుంది. తేడా సాంద్రతలో ఉంది. చిరుమాను, నల్లమద్ది, చింత వంటివి బరువైన కలప గలవి. బూరుగ, గుంపెన తేలికైనవి. ఒకే పరిమాణం గల రెండు మోపులలో చిరుమాను మోపు ఎక్కువసేపు కాలి, నిలిచే నిప్పు కణికలను మిగులుస్తుంది. బూరుగ భగ్గున మండి నుసి అవుతుంది. అయితే మోపు మోసేవారి తలకు తెలిసేది పరిమాణం కాదు, బరువు. చిన్న మోపులో ఎక్కువ వేడిని ఇంటికి చేర్చే కట్టె ఏదన్నది ఆ నడకలో తేలే లెక్క.

అసలైన తేడా తడిలో ఉంది. బరువులో సగం నీరున్న పచ్చికట్టె కిలోకు సుమారు 8 మెగాజౌళ్ళ వేడినిస్తే, తడి ఐదోవంతుకు తగ్గిన కట్టె దాదాపు 14 ఇస్తుంది. పచ్చికట్టె తన వేడిలో కొంత తన నీటిని ఆవిరి చేయడానికే ఖర్చుపెడుతుంది. అంతకంటె పెద్ద నష్టం, పొయ్యి చల్లబడటం. ఎండుకట్టె బరువులో సుమారు ముప్పాతిక భాగం వేడికి వాయువులై వెలువడి మంటగా కనిపిస్తుంది. పొయ్యి తగినంత వేడెక్కకపోతే ఆ వాయువులు కాలకుండానే పొగై ఇంట్లో నిండుతాయి. ఇంటి పొగ కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మరణాలు సంభవించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కనుక కట్టెను ఎండబెట్టడం పొదుపు మాత్రమే కాదు, ఊపిరితిత్తుల రక్షణ కూడా.

పచ్చిదనం ఉపకరించే సందర్భమూ అరకులోనే ఉంది. బొంగులో కోడికూరకు పచ్చి వెదురునే ఎంచుకొంటారు. గోడలోని తడి ఆవిరవుతున్నంతసేపు బొంగు త్వరగా అంటుకోదు; ఆ వ్యవధిలో లోపలి మాంసం ఉడుకుతుంది. అదే ఎండు వెదురును చీల్చకుండా పొయ్యిలో పెడితే, కణుపుల మధ్య బిగిసిన గాలి వేడికి వ్యాకోచించి బొంగు పేలుతుంది.

3. చీల్చడం

బెరడు తడిని బయటికి పోనివ్వదు. చీల్చిన ముఖం నుంచి, కొసల నుంచి తడి వేగంగా పోతుంది. అందువల్ల మొద్దును పచ్చిగా ఉండగానే చీల్చి ఎండబెట్టడం లాభదాయకం. ఆరేటప్పుడు కట్టె వలయాల వెంబడి ఎక్కువగా, నడిమి నుంచి బెరడు వైపుకు తక్కువగా కుంచించుకుపోతుంది. ఈ అసమత్వమే కొసముఖం మీద నెర్రెలుగా కనిపిస్తుంది. గొడ్డలి వేటు ఆ నెర్ర వెంబడి పడితే కట్టె తేలికగా విడిపోతుంది. ముడి మీద పడితే గొడ్డలి ఇరుక్కుంటుంది. నార పెనవేసుకొని ఉండే చింతమొద్దు ఎంత బలానికైనా లొంగదు, అంచుల నుంచి చెక్కలుగా తీయవలసిందే. పొయ్యి మీది అటక ఈ పనికి కొనసాగింపు. పొయ్యి వేడి వృథా పోకుండా మరునాటి కట్టెను ఆరబెడుతుంది.

4. అడవి, చట్టం, సిలిండరు

కట్టె ఎంపిక జ్ఞానం మీదనే ఆధారపడితే సమస్య లేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో చెట్టు కొట్టడాన్ని నియంత్రించింది. 2006 అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వెదురును, తుప్పకట్టెను, చెట్టు మోళ్ళను చేర్చింది. వంటచెరకును విడిగా పేర్కొనలేదు. గిరిజన స్త్రీ మోయగల కట్టెకు, మోయదగిన కట్టెకు మధ్య ఈ చట్టభాష నిలబడుతోంది. కాఫీతోటలు విస్తరించిన ఊళ్ళలో కత్తిరింపు కొమ్మలు, నీడకు పెంచిన సిల్వర్‌ఓక్ కొమ్మలు అడవి మీది భారాన్ని కొంత తగ్గించగలవు. తోట లేని కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు.

2024 నవంబరులో మొదలైన దీపం-2 పథకం అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లను ఉచితంగా ఇస్తోంది. రోజువారీ వంటలో పొగను తగ్గించడానికి ఇది మేలే. కాని పాడేరు, అరకు ప్రాంతాల పసుపు పంటను గమనిస్తే మరో లెక్క తేలుతుంది. తవ్వి తీసిన పచ్చి కొమ్ములను పెద్ద పాత్రలలో విడతలుగా ఉడకబెట్టాకే ఎండబెడతారు. నిలకడైన మంట కోరే ఈ పనికి వంటింటి సిలిండరు చాలదు.

ఇంకొక చిక్కు పేర్లది. పైన వాడినవి తెలుగు పేర్లు. లోయలో ఆదివాసీ ఒడియా ఉమ్మడి వ్యవహారభాష. గదబ, పోర్జ, కువి భాషలూ ఉన్నాయి. ఒకే మానుకు ఒక సంతలోనే మూడు పేర్లు ఉండవచ్చు. ఏ పేరుకు ఏ మంట, ఏ పొగ, ఏ నిప్పు అన్నది ఆయా భాషలలోనే, పొయ్యి పక్కన కూర్చొని, కట్టె పట్టుకొన్న చేతుల వారి నుంచే సేకరించవలసి ఉంది.