నిజాం కానుక విమానాలు – శత్రు భూమిలో చిక్కిన వైమానికులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలను సినిమా వ్యాపారులు నేటికీ ‘సీడెడ్’ అనే పిలుస్తారు. పరులకు వదిలివేయబడిన సీమ అని ఆ మాటకు అర్థం. 1792, 1799 సంవత్సరాల ఒప్పందాల ద్వారా టిప్పు సుల్తాన్ రాజ్యంలోని కొన్ని భాగాలు నిజాం అలీఖాన్ వశమయ్యాయి. 1800 అక్టోబరు 12న ఆయన వాటిని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. హైదరాబాదు రాజ్యంలో ఉంచే కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా జరిగిన ఏర్పాటు అది.

అదే వంశానికి చెందిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 118 ఏళ్ళ తరువాత మరొకసారి ఆంగ్లేయుల సైనిక వ్యయాన్ని భరించాడు. ఈసారి ఇచ్చినది భూమి కాదు, బాంబు విమానాలు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఉస్మానియా ఖలీఫా జర్మనీ పక్షాన నిలిచాడు. భారత ముస్లిముల హృదయాలు రెండుగా చీలిన సమయమది. నిజాం మాత్రం 1914లోనే బ్రిటిషు ప్రభుత్వానికి విధేయులుగా ఉండవలసిందని ముస్లిములకు విజ్ఞప్తి చేశాడు. 1918 జనవరిలో ఆయనకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు లభించింది. ఆయన ధనంతో సమకూరిన డి.హెచ్.9ఎ రకం విమానాలతో బ్రిటిషు వైమానిక దళంలోని 110వ దళం ఆ ఏడాదే ఫ్రాన్సు చేరింది. దానికి ‘హైదరాబాదు దళం’ అని పేరు. విమానాల మీద నిజాం కానుక అనే మాట, హైదరాబాదు పేరు, వరుస సంఖ్య వ్రాయబడ్డాయి.

ఒక్కో విమానంలో ఇద్దరే ఉండేవారు. ఒకడు నడిపేవాడు, రెండవవాడు వెనుక కూర్చుని తుపాకి పేల్చేవాడు. ఆనాటి బ్రిటిషు విమానాలలో పారాచూట్లు లేవు. విమానానికి నిప్పంటుకుంటే బ్రతికే దారి లేదు. ఇంజను మాత్రమే చెడితే విమానాన్ని మెల్లగా క్రిందికి దింపవచ్చు. కాని దిగేది శత్రువు అధీనంలోని నేల మీద. 1918 సెప్టెంబరు 25న ఫ్రాంక్‌ఫర్టు మీద జరిగిన దాడిలో ఈ దళం 4 విమానాలను, అక్టోబరు 21న మరొక దాడిలో 7 విమానాలను కోల్పోయింది. ఆ వైమానికులలో కొందరు మరణించారు, కొందరు ఖైదీలయ్యారు.

అక్టోబరు 5న ‘హైదరాబాదు 12ఎ’ అనే విమానం తిరిగి రాలేదు. దానిలోని కెప్టెన్ ఇంగ్లిస్, లెఫ్టినెంట్ బాడ్లీ ప్రాణాలతో జర్మనుల చేతికి చిక్కారు. 1907 నాటి హేగ్ ఒడంబడిక ప్రకారం యుద్ధఖైదీ పట్టుకున్న సైనికుని సొత్తు కాదు. అతను ప్రభుత్వ సంరక్షణలో ఉంటాడు, అతనిని మానవత్వంతో చూడవలసి ఉంటుంది. ఈ భావన ముస్లిములకు కొత్తది కాదు. ఖైదీకి అన్నం పెట్టడాన్ని దివ్య ఖుర్ఆన్ దహ్ర్ సూరాలో పుణ్యాత్ముల లక్షణంగా పేర్కొన్నది. 1918 నవంబరు 11 నాటి యుద్ధవిరమణ షరతుల ప్రకారం మిత్రపక్ష ఖైదీలను జర్మనీ వెంటనే విడుదల చేయవలసి వచ్చింది.

వైమానికుల చెర కొద్ది వారాలలో ముగిసింది. వారి విమానం చెర దాదాపు 59 ఏళ్ళు సాగింది. జర్మనులు దానిని బెర్లిన్ ప్రదర్శనశాలలో ఉంచారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అది పోలండుకు తరలి, తరువాత క్రాకోవ్ మ్యూజియం చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి దానిని బ్రిటనుకు తెచ్చుకున్నారు. మరమ్మతు చేసి లండనులోని వైమానిక దళ మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు.

రెండవ యుద్ధంలోనూ ఈ దళం కథ మళ్ళీ చెర వరకు వెళ్ళింది. 1939 సెప్టెంబరు 4న జర్మను యుద్ధనౌకలపై జరిగిన తొలి బ్రిటిషు బాంబు దాడికి నాయకత్వం వహించిన కెన్నెత్ డోరన్ 110వ దళం వాడే. జర్మనీ నార్వేను ఆక్రమించిన కొద్ది వారాలకే, 1940 ఏప్రిల్ 30న అక్కడ జరిగిన దాడిలో ఆయన విమానం కూలి ఆయన యుద్ధఖైదీ అయ్యాడు.

మరి దాతకు ఏమి దక్కింది? 1923లో నిజాం తన బీరారు ప్రాంతాన్ని తిరిగి ఇవ్వవలసిందని కోరాడు. 1926 మార్చి 27 నాటి లేఖలో వైస్రాయి లార్డ్ రీడింగ్ ఆ కోరికను త్రోసిపుచ్చాడు. స్నేహం వేరు, సార్వభౌమాధికారం వేరని నిజాంకు స్పష్టమైంది. ఇక 1924లో పదవీచ్యుతుడైన ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నెలనెలా భృతి పంపినవాడు కూడా ఈ నిజామే.

1800లో పెనుకొండ సీమ ప్రజలను ఎవరూ అడగలేదు. 1918లో ఆ విమానాల కోసం ఖజానా తెరచినప్పుడు హైదరాబాదు ప్రజలనూ ఎవరూ అడగలేదు. కానుక మీద పేరు ప్రభువుది, భారం ప్రజలది. ఆకాశంలో ప్రాణాలు పణంగా పెట్టినవారు మాత్రం ఆ ప్రభువునూ, ఆ ప్రజలనూ ఎన్నడూ చూడని పరదేశపు యువకులు.